థాంక్యూ చెప్పిన పాపానికి

మెర్విన్ టడ్జ్ తన జన్మలో ఒక్క గేటు కూడా తెరిచి వదిలిపెట్టలేదు. ఈ సంగతి అడిగినవాళ్ళకూ చెప్తాడు, అడగనివాళ్ళకూ చెప్తాడు. సోమర్‌బాచ్ ఊరి చుట్టూ ఉన్న గుట్టల్లో గొర్రెలెన్నో గేట్లన్ని. సైకిలు దిగడం, గేటు తీయడం, సైకిలు నడిపించుకుంటూ దాటడం, గేటు వేయడం, గొళ్ళెం పడిందో లేదో రెండుసార్లు లాగి చూడడం, మళ్ళీ ఎక్కడం. పాతికేళ్ళలో ఆయన సైకిలు తొక్కిన కాలం కంటే దిగి నిలబడ్డ కాలమే ఎక్కువని భార్య గ్లెనిస్ అంచనా. ఆవిడ అంచనాలు సాధారణంగా తప్పవు.

ముప్ఫై నాలుగేళ్ళు నీటి సరఫరా శాఖలో పనిచేశాడు మెర్విన్. భూమి లోపల ఎవరికీ కనపడని పైపులకు పటాలు గీయడం ఆయన ఉద్యోగం. నలభై ఒకటో ఏట డాక్టరు గుండె జాగ్రత్త అనడంతో లావు టైర్ల సైకిలు కొన్నాడు. రాళ్ళమీదా బురదలోనూ గుట్టలెక్కి దిగే రకం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మనవాళ్ళు అన్నారు గానీ సోమర్‌బాచ్ ఉన్న ష్రాప్‌షైర్ జిల్లా జనానికి ఆ సామెత చెప్తే నొచ్చుకుంటారు. వాళ్ళు అడుసు తొక్కడానికే వారమంతా బతుకుతారు. మోకాళ్ళ దాకా బురద లేకుండా ఇంటికొచ్చినవాడిని ఏమైంది, ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు.

కొన్నవాడు ఊరికే తొక్కుకుంటే గొడవ లేకపోయేది. పైపులకు పటాలు గీసిన చెయ్యి కదా, దారులకు గీయడం మొదలుపెట్టింది. ‘సోమర్‌బాచ్ చుట్టూ పన్నెండు సైకిలు దారులు’ అని పన్నెండు అట్టలు వేశాడు, వానకు తడవకుండా ప్లాస్టిక్ పొర తొడిగించి మరీ. ఎక్కడ ఎడమకు తిరగాలో, ఎక్కడ గేరు మార్చాలో అందులో ఉంటుంది. అంతటితో ఆగలేదు. ‘ఇక్కడ దిగి లోయ అందం చూడవలెను. రెండు నిమిషాలు’ అని కూడా రాశాడు. మూడు నిమిషాలు చూసినవాణ్ణి ఆయన ఒకసారి వాచీ చూపించి తొందరపెట్టడం నేనెరుగుదును.

దారులుంటే సంఘం ఉండాలి కదా. బుధవారం సవారీ సంఘం పెట్టాడు. సభ్యులు పద్నాలుగుమంది, నియమాలు ముప్ఫై ఒకటి. గుర్రం ఎదురైతే గంట రెండుసార్లు కొట్టాలి. గొర్రెలు ఈనే నెలల్లో మందను చూస్తే దిగి నడవాలి. ఏ ఇంటికైనా వంద గజాల లోపల బూతు మాట్లాడకూడదు. అన్నిటికన్నా ముందున్న నియమం: దారి ఇచ్చిన ప్రతి ప్రాణికీ థాంక్యూ చెప్పాలి. మెర్విన్ దీన్ని మాటవరసకు పెట్టలేదు. బస్సు దిగితే డ్రైవరుకు థాంక్యూ, కుక్క పక్కకు తప్పుకుంటే కుక్కకు థాంక్యూ. లడ్లో పట్నంలో ఒక దుకాణం అద్దాల తలుపు తనంతట తానే తెరుచుకుంటే దానికీ చెప్పాడు.

ఈ నియమం దగ్గరే కెల్విన్ ప్రాసర్‌తో చెడింది. ప్రాసర్ టైర్ల కొట్టు నడుపుతాడు. మనిషి పీపాలా ఉంటాడు. సంఘంలో ఒక్క ఏడాది ఉన్నాడు. ఆ ఏడాదిలో ఎవరికీ థాంక్యూ చెప్పలేదు, గేటు వేయలేదు, చర్చి పాస్టరుగారి భార్య గుర్రాన్ని చూసి ‘ఈ గాడిదకి జీనెందుకు’ అన్నాడు. మెర్విన్ ఓటింగు పెట్టి అతన్ని తీసేయించాడు. ‘అత్యంత విచారంతో తెలియజేయునది ఏమనగా’ అని మొదలయ్యే ఉత్తరం పంపాడు. ఇది ఇరవై రెండేళ్ళ కిందటి మాట.

ఇక ఆ దేశంలో నేలమీద దారి ఉంటే సరిపోదు, దానికో కులం ఉండాలి. నడిచేవాళ్ళ దారి వేరు, గుర్రాలూ సైకిళ్ళూ పోయే దారి వేరు. నడిచే దారిలో చక్రం పెడితే మైల పడిపోతుంది. ఏ దారిది ఏ కులమో జిల్లా ఆఫీసులోని పటంలో గీతలు గీసి ఉంచుతారు. గీత ఉన్న దారిని రాజుగారొచ్చినా మూయలేరు. గీత లేని దారికి దిక్కులేదు.

సాలో లేన్‌కు గీత లేదు. గాడ్‌ఫీల్డ్ పొలం మధ్యగా, రెండు పొదల వరసల నడుమ మైలుంపావు పొడుగున్న మట్టిబాట అది. మెర్విన్ పన్నెండు దారుల్లో తొమ్మిది దాని గుండానే పోతాయి. అది లేకపోతే రాళ్ళ లారీలు తిరిగే పెద్దరోడ్డు ఎక్కాలి. కిందటేడు లారీ గాలికే ఒక పెద్దాయన కాలవలో పడ్డాడు. గాడ్‌ఫీల్డ్ రైతు హార్వే బెడోస్ బతికున్నన్నాళ్ళూ ఎవరినీ ఏమీ అనలేదు. రెండేళ్ళ కిందట ఆయన పోయాడు. పొలాన్ని లండన్ నుంచి పియర్స్ లాటిమర్ అనే ఆయన వచ్చి కొన్నాడు. స్నానాలగదుల్లో వెలిగించుకునే వాసన కొవ్వొత్తులు అమ్మి గడించిన మనిషి. వచ్చిన ఏడాదికి సాలో లేన్ గేటుకు తాళం బిగించి, బోర్డు కట్టాడు: ‘మర్యాదపూర్వక విన్నపం. సైకిళ్ళకు ప్రవేశం లేదు. ధన్యవాదాలు.’

తాళం బిగిస్తూ ఉండగానే మెర్విన్ సైకిలు మీద వచ్చాడు.

“సారీ అండి,” అన్నాడు లాటిమర్.

“అయ్యో, నేనే సారీ,” అన్నాడు మెర్విన్. “మీ పనికి అడ్డం వచ్చినట్టున్నాను.”

“అబ్బే, అదేం లేదు. ఇకమీదట ఇటు రావద్దని చెప్పడం నాకూ కష్టంగానే ఉందండి.”

“మీరలా అనడం మీ మంచితనం. థాంక్యూ.”

థాంక్యూ చెప్పి వెనక్కి తిరిగి వచ్చేశాడు. ఇంటికొచ్చి సైకిలు గోడకు ఆనించి, వంటింట్లో కూర్చుని, టీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు. మెర్విన్ దంపతులకు పిల్లల్లేరు. ఆ తొమ్మిది దారుల అట్టల మీద కింద మూల ‘కూర్పు: ఎం. టడ్జ్’ అని చిన్న అక్షరాలుంటాయి. తాను పోయాక ఈ లోకంలో తన పేరు మిగిలే చోటు అదొక్కటే అని ఆయనకు తెలుసు. ఎవరితోనూ అనలేదు గానీ గ్లెనిస్‌కూ తెలుసు.

“ఊరుకుంటావా?” అంది ఆవిడ.

“పటంలో గీత గీయిస్తాను,” అన్నాడు.

దానికి చట్టంలో ఒక మార్గం ఉంది. జనం ఒక దారిని ఇరవై ఏళ్ళపాటు, దొంగచాటుగా కాకుండా, జబర్దస్తీగా కాకుండా, ఎవరి అనుమతీ తీసుకోకుండా వాడితే అది జనం సొత్తయిపోతుంది. మెర్విన్ ఈ మూడు ముక్కలూ ఎర్రసిరాతో రాసి గోడకు అతికించుకున్నాడు. ఏడాది పొడుగునా ఫైలు కట్టాడు. ఇరవై మూడేళ్ళ డైరీలు పెట్టాడు. ప్రతి బుధవారం ఎంతమంది వెళ్ళారో, వాన పడిందో లేదో, బెడోస్ కుక్క మొరిగిందో లేదో అన్నీ అందులో ఉన్నాయి. సంఘం సభ్యులు పద్నాలుగుమంది చేతా ఫారాలు నింపించాడు. ‘ఎప్పుడైనా అనుమతి అడిగారా?’ అన్న ప్రశ్నకు అందరి చేతా ‘లేదు’ అని రాయించాడు. తనూ అదే రాశాడు, నిండు మనసుతో.

ఫైలు చివర్న, అట్టలా మెరిసే ప్లాస్టిక్ సంచుల్లో, తన వజ్రాన్ని పెట్టాడు. ప్రతి క్రిస్మస్‌కూ తాను బెడోస్‌కు పంపిన కార్డుల నకళ్ళు ఇరవై మూడు. వాటికి బెడోస్ రాసిన జవాబులు ఇరవై మూడు. ఒక ఏడాది కూడా తప్పలేదని, దారి వాడకం ఎక్కడా తెగలేదని రుజువు చేయడానికి ఇంతకన్నా ఏం కావాలి?

విచారణ మార్చిలో, ఊరి హాల్లో జరిగింది. ప్రభుత్వం పంపిన అధికారి మిసెస్ హాల్‌స్టెడ్, వానకోటు విప్పకుండానే బల్ల దగ్గర కూర్చుంది. మహిళా సంఘం వాళ్ళు టీ పెట్టి, అల్లం బిస్కెట్లు సర్దారు. లాటిమర్ తరఫున లండన్ లాయరు కుర్రవాడొకడు వచ్చాడు. ఫైలు తిరగేస్తూ తిరగేస్తూ చివరికొచ్చాక అతని మొహం విప్పారింది.

“మిస్టర్ టడ్జ్, మొదటి ఏడు మీరు బెడోస్ గారికి పంపిన కార్డు కాస్త చదువుతారా?”

మెర్విన్ కళ్ళజోడు సవరించుకుని, గొంతు సవరించుకుని, గర్వంగా చదివాడు. “ప్రియమైన మిస్టర్ బెడోస్, ఈ ఏడాది మా సంఘం సభ్యులందరినీ మీ దారిన పోనిచ్చినందుకు థాంక్యూ. వచ్చే ఏడు కూడా మీకు అభ్యంతరం ఉండదని ఆశిస్తాం. మీకూ మీ గొర్రెలకూ పండుగ శుభాకాంక్షలు.”

“చాలా బాగుంది. ఆయనేమని జవాబిచ్చారు?”

“‘సరే. గేటు వేయండి’ అని.”

“రెండో ఏడు?”

“‘సరే. గేటు వేయండి.’”

“ఇరవై మూడేళ్ళూ అదే జవాబా?”

“ఒక ఏడు ‘సరే. కుక్కకి జబ్బుగా ఉంది’ అని రాశారండి. నేను మందు పంపాను.”

హాల్లో ఎవరో అయ్యో పాపం అన్నారు. కుక్క గురించి.

“అంటే మీ సంఘం ప్రతి ఏడూ అడిగింది, ఆయన ప్రతి ఏడూ సరే అన్నారు,” అన్నాడు లాయరు. “దీన్ని మామూలు భాషలో అనుమతి అంటారు కదండీ?”

“కాదండి,” అన్నాడు మెర్విన్. నిజంగానే ఆయనకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. “అది అనుమతి కాదు. అది మర్యాద.”

మిసెస్ హాల్‌స్టెడ్ కలం కింద పెట్టింది. కళ్ళలో జాలి కనిపించింది. “మిస్టర్ టడ్జ్, చట్టానికి ఆ తేడా తెలీదు,” అంది నెమ్మదిగా. “మీదీ, మీ సంఘం వాళ్ళందరిదీ అనుమతితో చేసిన వాడకమే. నేను లెక్కలోకి తీసుకోలేను. వేరే సాక్షులెవరైనా ఉంటే రేపు పదింటికి వింటాను.”

అడగందే అమ్మైనా పెట్టదని మనం అంటాం. ఈ చట్టం మటుకు తిరగేసి ఉంది: నోరెత్తి అడిగావో, ఉన్నదీ ఊడుతుంది. పద్నాలుగుమంది సభ్యులూ అల్లం బిస్కెట్లు చేతిలో పట్టుకుని మెర్విన్ వంక చూశారు. తప్పు చేసినవాణ్ణి నలుగురిలో నిలదీయకూడదన్నది వాళ్ళ ముప్ఫై ఒకటో నియమం.

బయటికొచ్చాక గ్లెనిస్ అంది, “బెడోస్ బతికున్నప్పుడు ఆ లేన్‌లో రోజూ తిరిగి, ఆయనకి ఒక్కసారి కూడా థాంక్యూ చెప్పని మనిషి కావాలి.”

మెర్విన్ వంగి సైకిలు చక్రంలో గాలి ఉందో లేదో నొక్కి చూశాడు.

“నీకు తెలుసు ఎవరో,” అంది.

తెలుసు. సంఘంలోంచి గెంటినప్పటినుంచీ ప్రాసర్ ప్రతి శనివారం ఇంకో ఎనిమిదిమందిని వెంటేసుకుని, కావాలనే ఆ లేన్ గుండా కేకలేసుకుంటూ పోయేవాడు. ఆ సంగతి మెర్విన్ డైరీల్లోనే ఉంది. శనివారాల కింద ఎర్రసిరాతో ‘గేటు మళ్ళీ తెరిచి ఉంది’ అని రాసుకున్నవి వెయ్యికి తక్కువుండవు. కానీ డైరీలో తిట్టుకుంటే సాక్ష్యం కాదు. మనిషి వచ్చి చెప్పాలి.

ఆ మధ్యాహ్నమే టైర్ల కొట్టుకు వెళ్ళాడు. కుడితిలో పడ్డ ఎలుకలా గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ప్రాసర్ లారీ చక్రం కింద నుంచి తల బయటికి పెట్టాడు.

“ఎవరూ, సెక్రటరీ గారా. దారి తప్పారా? అట్ట తెచ్చుకోలేదా?”

“మిస్టర్ ప్రాసర్, మీరు పనిలో ఉన్నట్టున్నారు. మీకు అభ్యంతరం లేకపోతే, ఇబ్బంది ఏమీ కాకపోతే, దయచేసి ఒక చిన్న సాయం…”

“ఆగు,” అన్నాడు ప్రాసర్. లేచి, చేతులు గుడ్డకి తుడుచుకుని, సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. మడతల దగ్గర చిరిగి, నూనె మరకలు పడి ఉంది. “‘అత్యంత విచారంతో తెలియజేయునది ఏమనగా.’ ఇరవై రెండేళ్ళు దాచాను. మా ఆవిడ పుట్టిన్రోజు మర్చిపోయాను గానీ ఇది మర్చిపోలేదు. నీ సంగతి హాల్లో ఏమైందో నాకు తెలుసు. ఊరంతా తెలుసు. నేనొస్తాను. కానీ ఒక షరతు.”

“చెప్పండి. సంఘంలోకి మళ్ళీ తీసుకుంటాం. ఉత్తరం వెనక్కి…”

“నీ సంఘం ఎవడికి కావాలయ్యా. ఆ అభ్యంతరాలూ ఇబ్బందులూ దయలూ అన్నీ తీసేసి అడుగు. మనిషిని మనిషి అడిగినట్టు.”

మెర్విన్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. పక్కన పనిచేస్తున్నవాళ్ళు గాలిపంపు ఆపేసి చూస్తున్నారు.

“మీరు రేపు…”

“మళ్ళీ.”

“రేపు… పదింటికి…” దయచేసి అన్న మాట గొంతు దాకా వచ్చింది. మింగాడు. “హాలుకి రా.”

“అద్దీ,” అన్నాడు ప్రాసర్. “అంతే కదా. ప్రాణం పోయిందా?”

మెర్విన్ థాంక్యూ చెప్పబోయాడు. ప్రాసర్ వేలెత్తి చూపించాడు. చెప్పకుండానే ఇంటికి వచ్చి పడుకున్నాడు. ఒళ్ళు వెచ్చబడిందని గ్లెనిస్ మాత్ర ఇచ్చింది.

మర్నాడు హాల్లో ప్రాసర్ సాక్ష్యం పది నిమిషాలు పట్టలేదు.

“మీరు లేన్‌లో వెళ్ళడం బెడోస్ గారు చూసేవారా?” అడిగింది మిసెస్ హాల్‌స్టెడ్.

“చూడకేం. ఎదురుగానే నిలబడేవాడు.”

“ఆయన్ని ఎప్పుడైనా అనుమతి అడిగారా?”

“దేనికి?”

“ఆ లేన్‌లో వెళ్ళడానికి.”

“దారి కదా. దారిని అడగడమేంటి?”

“ఆయన మిమ్మల్ని ఎప్పుడైనా ఆపారా? వద్దన్నారా?”

“లేదు.”

“ఇరవై రెండేళ్ళలో అసలు మాట్లాడుకున్నారా?”

ప్రాసర్ ఆలోచించాడు. “ఒకసారి. నీ కుక్క బాగా బలిసింది అన్నాను. నీ సంగతేంటి అన్నాడు. అంతే.”

“గేటుకు తాళం ఉండేదా? మీరు పగలగొట్టి గానీ…”

“తాళమెక్కడిది. తీసి పోయేవాణ్ణి.”

“తీసి, మళ్ళీ వేసేవారా?”

“లేదు,” అన్నాడు ప్రాసర్.

అప్పుడు చూడాలి హాలు. లాటిమర్ తాళం వేసినప్పుడు రాని కోపం, పద్నాలుగుమంది సాక్ష్యం కొట్టుకుపోయినప్పుడు రాని కోపం, ఈ ఒక్క మాటకు వచ్చింది. మహిళా సంఘంలో ఒకావిడ కుర్చీ వెనక్కి జరుపుకుంది. లాటిమర్, మెర్విన్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ క్షణంలో వాళ్ళిద్దరూ ఒక తల్లి బిడ్డల్లా ఉన్నారు. అధికారి మాత్రం సంతోషంగా రాసుకుంది. తరవాత ప్రాసర్ మనుషులు ఎనిమిదిమంది వరసగా వచ్చి, ఒకరికంటే ఒకరు మోటుగా, తాము ఎవరినీ ఏమీ అడగలేదని చెప్పారు.

తీర్పు జూన్‌లో టపాలో వచ్చింది. సాలో లేన్‌ను సైకిళ్ళూ గుర్రాలూ పోగల దారిగా పటంలో చేర్చవలెను. తాళం తీయవలెను. మెర్విన్ ఆ వాక్యం చదివి కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. గ్లెనిస్ మిగతాది పైకి చదివింది.

“‘మిస్టర్ ప్రాసర్, ఆయన సహచరుల సాక్ష్యం నమ్మదగినది. వారి వాడకంలో అనుమతి గానీ, అనుమతి అనిపించే మర్యాద గానీ మచ్చుకైనా లేదు. మిస్టర్ టడ్జ్ ఇరవై మూడు సంవత్సరాల వాడకాన్ని ఈ నిర్ణయం నిమిత్తం జరగనట్టుగానే పరిగణించడమైనది.’”

“మళ్ళీ చదువు,” అన్నాడు మెర్విన్.

“వద్దులే.”

“జరగనట్టుగానే అని ఉందా?”

ఆవిడ కాగితం మడిచి టీ కెటిల్ కింద పెట్టింది. ఇరవై మూడేళ్ళు, ఏడాదికి యాభై రెండు బుధవారాలు. వానలో, మంచులో, మోకాలి నొప్పితో. గీత వచ్చింది. అందులో ఆయన చక్రం ఒక్కసారి కూడా తిరగలేదు. నెల తిరక్కుండానే ఊళ్ళో ఆ దారిని ప్రాసర్ దారి అనడం మొదలుపెట్టారు. అట్టమీద ఏ పేరున్నా జనం నోట్లో ఉన్నదే పేరు.

తాళం తీసిన మొదటి బుధవారం మెర్విన్ సంఘాన్ని పిలవకుండా ఒక్కడే బయల్దేరాడు. సాలో లేన్ గేటు దగ్గర లాటిమర్ నిలబడి పొదలు కత్తిరిస్తున్నాడు. ఇద్దరూ తలలూపుకున్నారు. మెర్విన్ దిగి గేటు తీశాడు. సైకిలు అవతలికి నడిపించాడు. థాంక్యూ నాలుక మీదికి వచ్చింది. పళ్ళు బిగించాడు. తరవాత, గేటు వేయకుండా, సైకిలెక్కి తొక్కాడు.

నలభై గజాలు పోయాడు. వెనక గేటు గాలికి కిర్రుమంటోంది. ఇంకో పది గజాలు. చేను అవతల గొర్రెలు తలలెత్తి చూస్తున్నాయి. ఆయన దిగాడు. ఈ మైలుంపావులో ఒక్కసారైనా తనదన్నట్టు పోవాలని, ప్రాసర్‌కు చేతనైన పని తనకెందుకు చేతకాదని, అక్కడ పొదల మధ్య నిలబడి ఆ అరవై ఆరేళ్ళ మనిషి ఏడ్చినంత పని చేశాడు. తరవాత సైకిలు తిప్పి వెనక్కి వచ్చి, గేటు వేసి, గొళ్ళెం రెండుసార్లు లాగి చూశాడు.

“థాంక్యూ, మిస్టర్ టడ్జ్,” అన్నాడు లాటిమర్.

మెర్విన్ ఏమీ అనలేదు. అంత మోటు పని ఆయన అంతకుముందెన్నడూ చేయలేదు. ఇంటికొచ్చి, బురద బూట్లు కూడా విప్పకుండా డైరీ తీసి రాసుకున్నాడు: ‘బుధవారం. సాలో లేన్. వాన లేదు. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. గేటు వేశాను. మొదటి రోజు.’

గ్లెనిస్ భుజం మీదుగా చదివి, వేళ్ళ మీద ఇరవై ఏళ్ళు లెక్కవేసి, వెళ్ళి టీ పెట్టింది.